పాత ఫోను కొనునపుడు, అమ్మునపుడు

కుండ కొనబోయిన స్త్రీ దానిని వ్రేలితో కొట్టి మ్రోత వినక రూక యీయదు. రత్నపరీక్షను మన పూర్వులు అరువదినాలుగు కళలలో నొకటిగా నెంచిరి. అట్టి మనము వేలకొలది రూపాయలిచ్చి కొను సెకండుహాండు ఫోను విషయమున మాత్రము అంగడివాని మాటనే ప్రమాణముగా గైకొనుచున్నాము. నేనును అట్లే చేసి నష్టపోయితిని. ఆ యనుభవమును సోదరీమణులకు విన్నవించుటకే యీ నాలుగు మాటలు.

మా వారు బడిపంతులు. మా పెద్దమ్మాయి పాఠములకు ఫోను కావలసివచ్చినది. రెండేండ్లు కుట్టుపనివలన కూడబెట్టిన సొమ్ము 6,500 రూపాయలు తీసికొని పట్టణమున నొక అంగడికి పోతిమి. తళతళలాడు ఫోను నొకదానిని చేతికిచ్చి, “అంతా తుడిచేశామమ్మా, ఇంటికెళ్లి మీ పేరు పెట్టుకోండి” అనిరి. ఇంటికి వచ్చి ఇంటర్నెట్టు కలుపగనే అది మునుపటి యజమాని గూగుల్ ఖాతాను, పాస్‌వర్డును అడిగినది. ఆ మనుష్యు డెవరో మాకు తెలియదు. మరునాడు పోగా, “మేమిచ్చినప్పుడు బాగానే ఉంది” అనిరి. రసీదు మేము అడిగియుండలేదు. పిల్ల కన్నీరు పెట్టుకొన్నది.

ఈ తాళము దొంగలను నిరోధించుటకై 2015వ సంవత్సరమున ఆండ్రాయిడ్ ఫోనులకు వచ్చినది. ఖాతాను తొలగింపక, ప్రక్క మీటలు నొక్కి ఫోనును తుడిచినచో, పాత యజమాని వివరములు లేనిదే అది తెరచుకొనదు. ఐఫోనులకును ఇట్టి తాళమే కలదు. కావున అంగడిలోనే ఇంటర్నెట్టు కలిపి, మీ ఖాతా పెట్టి, ఫోను పూర్తిగా తెరచుకొనువఱకు సొమ్ము చెల్లింపకుడు.

రెండవది, అది దొంగసొత్తు కాదని తెలిసికొనవలెను. *#06# అని నొక్కినచో 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య తెరపై కనబడును. పెట్టెమీదను, పాత రసీదులోను అదియే యున్నదేమో సరిచూడుడు. ఆంగ్లాక్షరములలో కె వై ఎం అని వ్రాసి, కొంత ఖాళీ విడిచి, ఆ సంఖ్యను చేర్చి 14422కు సందేశము పంపవచ్చును. కేంద్ర ప్రభుత్వము వారి సంచార్ సాథీలోను చూడవచ్చును. పోయిన ఫోనును యజమాని అందు నమోదుచేసి నిలిపివేయించినచో, దేశమున ఏ సిమ్ము వేసినను అది పనిచేయదు. దొంగసొత్తని తెలిసి కొనుట నేరము కూడ.

పిమ్మట వస్తువును పరీక్షింపుడు. ఒక గుర్తుపై వ్రేలుంచి తెరయంతట, మూలమూలలకు జరుపుడు. ఎచ్చట జారిపోవునో అచ్చట స్పర్శ చెడినదని యెఱుగునది. తెల్లని పుట తెరచి మచ్చలు, గీతలు చూడుడు. మీ సిమ్మునే వేసి ఇంటికి మాటలాడుడు. మీ మాట వారికిని, వారి మాట మీకును స్పష్టముగా వినబడవలెను. రెండు కెమెరాలతోను చిత్రములు తీయుడు. ఛార్జరు పెట్టి, తీగ కదలినపుడు ఛార్జింగు ఆగుచున్నదేమో గమనింపుడు. వెనుకవైపు ఉబ్బియున్నను, తెర అంచు లేచియున్నను బ్యాటరీలో వాయువు చేరినదన్నమాట. అది నిప్పంటుకొను ప్రమాదము గలది. ఎంత చౌకయైనను ముట్టకుడు. రసీదుపై ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య వ్రాయించుకొనుడు.

ఇక అమ్మువారి ధర్మము. ముందు ఛాయాచిత్రములను వేరొకచోట దాచుకొని, బ్యాంకు, చెల్లింపుల యాప్‌లను క్రొత్త ఫోనులో సరిచేసికొనవలెను. తరువాత సెట్టింగులలో ఖాతాను తొలగించి, అటుపిమ్మట ఫోనును తుడిచివేయవలెను. సిమ్మును, మెమరీకార్డును తీసికొనుట మఱవరాదు. ఈ వరుస తప్పినచో మన మఱపు కొన్నవారికి తాళమగును.

పోయిన నెల నా పాత ఫోనును మా వీథి పాలమ్మకు అమ్మితిని. స్పీకరు పెద్దగా పెట్టిన గరగర మనును. ఆమె అడుగలేదు, చెప్పకున్నచో తెలియదు గదా యని ఒక క్షణము నా మనసును తడబడినది. అంతలో ఆ అంగడివాని మాట జ్ఞప్తికి వచ్చినది. లోపము వినిపించి, 300 రూపాయలు తగ్గించితిని. “ముందే చెప్పావు గదమ్మా, నాకది చాలు” అని ఆమె సంతోషముతో కొనిపోయినది.