టండ్రాలో పొదలు ఎందుకు పెరుగుతున్నాయి? వాటిని ఆపేదెవరు?

ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న టండ్రాలో పెద్ద చెట్లు పెరగవు. అడుగున నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. వేసవి కొన్ని వారాలే. అందుకే నాచు, గడ్డి, చిన్న పూలమొక్కలు, పొట్టి పొదలే అక్కడ ఎక్కువ.

ఇప్పుడు భూమి వేడెక్కుతోంది. మంచు త్వరగా కరగడంతో మొక్కలకు పెరిగే రోజులు ఎక్కువ దొరుకుతున్నాయి. మరుగుజ్జు బర్చ్, విల్లో పొదలు గుబురుగా ఎదిగి, కింది చిన్న మొక్కలకు ఎండ తగలనివ్వవు.

మరి మేసే జంతువులుంటే ఏమవుతుంది? పశ్చిమ గ్రీన్‌లాండ్‌లోని కాంగర్లుస్సువాక్ దగ్గర శాస్త్రవేత్తలు కొన్నిచోట్ల కంచె వేసి, అక్కడ మేసే జంతువులైన కారిబూలను, మస్క్ ఆక్స్‌లను రానివ్వలేదు. కంచె లోపలా, బయటా కొన్ని మొక్కల చుట్టూ పైకప్పులేని పారదర్శక గూళ్లు పెట్టి వేడి పెంచారు. 2008లో ఫలితాలు ప్రచురించారు. జంతువులు లేనిచోట వేడికి పొదలు బాగా విస్తరించాయి. మేసేచోట ఆ పెరుగుదల చాలావరకు తగ్గింది. ఆకులు, లేత కొమ్మలు జంతువుల నోట్లోకి వెళ్లాయి మరి!

పొదలు పెరిగితే నష్టమేమిటి? తెల్లని మంచు ఎండను వెనక్కి పంపుతుంది. మంచుపైకి పొడుచుకొచ్చిన ముదురు రంగు కొమ్మలు ఆ ఎండను పీల్చుకుంటాయి. దాంతో అక్కడ ఇంకా వేడెక్కుతుంది. కాబట్టి టండ్రాను కాపాడాలంటే భూమిని వేడెక్కించే బొగ్గు, పెట్రోలు వాడకం తగ్గించాలి. పొదలను మేసే జంతువుల మందలనూ కాపాడుకోవాలి.