జరిమానా కంపెనీ కడుతుంది, జవాబు ఎవరు చెప్పాలి?

2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల్లో తమ రాబడి 2,700 కోట్ల రూపాయలని సత్యం కంప్యూటర్స్ ప్రకటించింది. నిజంగా వచ్చింది 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లన్నారు. అసలుది 61 కోట్లు. బ్యాంకుల్లో ఉందన్న డబ్బులో 5,040 కోట్లు లేనే లేవు. లేని సొమ్ము మీద 376 కోట్ల వడ్డీ కూడా రాబోతున్నట్టు పుస్తకాల్లో రాసుకున్నారు. ఈ అంకెలన్నీ 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు స్వయంగా రాసిన లేఖలోవే. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40 దగ్గరికి పడిపోయింది.

ఇది గుమాస్తా లెక్క తప్పడం కాదు. బిల్లులు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లోకి ప్రత్యేక లాగిన్‌తో దొంగ ఇన్‌వాయిస్‌లు ఎక్కించేవారు. కనిపించాల్సిన బిల్లుకు ‘ఎస్’, దాచాల్సిన దానికి ‘హెచ్’ అని గుర్తు. ‘హెచ్’ పడిన బిల్లు ఆ క్లయింటు పని చూసే విభాగాధిపతికి కూడా కనపడదు, కంపెనీ ఆదాయంలో మాత్రం కలిసిపోతుంది. ఇలాంటివి ఏడు వేలకు పైగా బయటపడ్డాయి. ఇంత పద్ధతిగా జరిగిన పనికి ‘కంపెనీ తప్పు చేసింది’ అనేసి ఊరుకోవడం కుదరదు. ఆ మీటలు నొక్కింది, నొక్కించింది మనుషులు.

మరి డబ్బు ఎవరు కట్టారు? అమెరికాలో షేర్‌హోల్డర్లు వేసిన దావా తెగ్గొట్టుకోవడానికి 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. అక్కడి సెక్యూరిటీస్ కమిషన్‌కు ఇంకో కోటి డాలర్ల జరిమానా. అప్పటికే యాజమాన్యం టెక్ మహీంద్రా చేతికి వచ్చేసింది. అంటే మోసపోయినా షేరు అమ్ముకోలేక ఉండిపోయినవాళ్లూ, తర్వాత కొన్నవాళ్లూ ఆ భారంలో వాటా మోశారు.

మనుషుల మీదికి చట్టం రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 2014లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రాజుతో పాటు మరో నలుగురిని 14 ఏళ్లు మార్కెట్‌కు దూరం పెట్టి, 1,849 కోట్లు వడ్డీతో వెనక్కి కట్టమంది. అప్పీళ్లలో ఆ మొత్తం తగ్గింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు పదిమందికి ఏడేళ్ల జైలు వేసింది. మే 11న పై కోర్టు శిక్షను నిలిపి బెయిలిచ్చింది.

అంతైనా జరిగింది, అందుకు మొదటి కారణం ఆ లేఖే. సంతకం చేసిన ఒప్పుకోలు ప్రతి కేసులో దొరకదు. భోపాల్‌నే తీసుకోండి. 1984 డిసెంబరులో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకై వేలమంది ప్రాణాలు పోయాయి. యూనియన్ కార్బైడ్ భారత కంపెనీ ఛైర్మన్ కేశుబ్ మహీంద్రా సహా ఏడుగురికి 2010 జూన్ 7న రెండేళ్ల జైలు, తలా లక్ష రూపాయల జరిమానా పడ్డాయి. కంపెనీకి 5 లక్షలు. 1996లోనే సుప్రీంకోర్టు అభియోగాన్ని నిర్లక్ష్యం స్థాయికి దించింది, దానికి అప్పట్లో గరిష్ఠ శిక్షే రెండేళ్లు.

చెక్ బౌన్స్‌కూ గరిష్ఠ శిక్ష రెండేళ్లే. పైగా కంపెనీ చెక్కు చెల్లకపోతే, ఆనాడు వ్యాపార బాధ్యత చూస్తున్నవాడు కూడా దోషే అంటుంది చట్టం; తనకు తెలియదనో, తగిన జాగ్రత్త తీసుకున్నాననో అతనే నిరూపించుకోవాలి. ఫ్యాక్టరీల భద్రతా చట్టాల్లోనూ డైరెక్టర్ల మీద బాధ్యత ఉంది. కానీ మనుషులు చనిపోతే పోలీసులు ప్రధానంగా పట్టుకునేది సాధారణ నేర చట్టాన్ని, అందులో ఈ నియమం లేదు. చట్టం ప్రత్యేకంగా చెబితే తప్ప, స్వయంగా పాత్ర, దురుద్దేశం ఉన్నట్టు ఆధారం లేకుండా డైరెక్టర్‌ను నిందితుణ్ణి చేయలేమని 2015లో సునీల్ మిత్తల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కుర్చీలో ఉన్నందుకే జైలు పాలు చేయకూడదన్న మాట న్యాయమే. చట్టం ప్రత్యేకంగా చెప్పాల్సిన చోట చెప్పకపోవడమే అన్యాయం.

సత్యం దెబ్బతో వచ్చిన 2013 కంపెనీల చట్టం 447వ సెక్షన్ మోసానికి పదేళ్ల దాకా జైలు, మోసం సొమ్ముకు తగ్గకుండా మూడింతల వరకు జరిమానా పెట్టింది. పెట్టుబడికి అది కొంత రక్షణ. ప్రాణాల విషయానికొస్తే, 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. రెండు నెలలకు సీఈఓ సహా 12 మందిని అరెస్టు చేశారు. సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉన్నా వాడలేదని ప్రభుత్వ కమిటీ రాసింది. చెక్కుల చట్టంలోని నియమం సాధారణ నేర చట్టంలోనూ ఉంటే, ఆ 36 చోట్ల గురించి కోర్టులో వివరణ ఇచ్చుకోవాల్సింది ప్రాసిక్యూషన్ కాదు, ఆ ప్లాంటును నడిపిస్తున్న పెద్దలు.