వేషధారణ, అంతరంగ విశ్వాసం: హాలె భక్తి ఉద్యమం నేర్పిన పాఠం

క్రైస్తవ బోధలో వేషధారణ చిల్లర దోషాల్లో ఒకటి కాదు. యేసు అంత తీవ్రంగా ఖండించిన తప్పులు సువార్తల్లో చాలా తక్కువ. మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో ఆయన దానం, ప్రార్థన, ఉపవాసం అనే మూడు ఆచారాలను వరుసగా తీసుకుని, వాటిలో దేనినీ మానమని చెప్పకుండా, అది ఎవరి కంట పడాలని చేస్తున్నారన్న ఒక్క విషయాన్నే పరీక్షకు పెడతారు. దానం చేస్తూ బాకా ఊదించుకోవద్దని, గది తలుపు వేసుకుని ప్రార్థించమని, ఉపవాస దినాన ముఖం కడుక్కుని తలకు నూనె రాసుకుని మామూలుగా కనిపించమని ఆయన చెబుతారు. మనుషుల మెప్పు కోసం చేసినవారికి ఆ మెప్పుతోనే లెక్క తీరిపోయిందని, దేవుని దగ్గర వారికి రావలసింది మిగలలేదని దీని భావం.

సువార్తల్లో ఈ వేషధారణ విమర్శకు ఎక్కువగా గురైన పరిసయ్యులకు ఈ సందర్భంలో న్యాయం చేయడం అవసరం. వీరు ధర్మశాస్త్రాన్ని దేవాలయానికే పరిమితం చేయకుండా ఇంటి భోజనం దాకా, రోజువారీ పనుల దాకా ఆచరణలోకి తేవాలని తపించిన యూదు వర్గం. ప్రజల్లో వారికి గౌరవం ఉండేది. యేసు విమర్శ ఒక యూదుడు తోటి యూదులతో చేసిన వాదం, యెషయా వంటి ప్రవక్తలు అంతకు ముందే చేసిన హెచ్చరికకు కొనసాగింపు. తర్వాతి శతాబ్దాల క్రైస్తవులు దానిని యూదు జాతిపై నిందగా మార్చి, తమను తాము నిర్దోషుల జాబితాలో వేసుకోవడం ఆ బోధకు జరిగిన ఘోరమైన అన్యాయం.

ఆ హెచ్చరికను క్రైస్తవ సంఘం తనకే వర్తింపజేసుకున్న ఘట్టాలలో ముఖ్యమైనది, పదిహేడవ శతాబ్దపు జర్మనీలో లూథరన్ సంఘం లోపల పుట్టిన పయటిజం అనే భక్తి ఉద్యమం. ముప్పై ఏళ్ల యుద్ధం 1648లో ముగిసేనాటికి అక్కడ సాధారణంగా పాలకుని మతమే ప్రజల మతం. పుట్టిన బిడ్డకు బాప్తిస్మం, ఆదివారం ఆరాధన, ప్రభు రాత్రి భోజనంలో పాలు పొందడం సమాజంలో సభ్యత్వానికి గుర్తులయ్యాయి. విశ్వాసం వల్లనే రక్షణ అని లూథర్ బోధించగా, ఆ విశ్వాసం చాలామందిలో సరైన సిద్ధాంతానికి తల ఊపడంగా మిగిలిపోయింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాపరిగా ఉన్న ఫిలిప్ యాకోబ్ స్పేనర్ 1670లో కొద్దిమందిని ఇంటికి పిలిచి భక్తి గ్రంథాలు చదివి చర్చించే కూడికలు మొదలుపెట్టి, 1675లో ‘పియా దెసిదెరియా’ అనే చిన్న గ్రంథం ప్రకటించారు. క్రైస్తవాన్ని తెలుసుకుంటే చాలదని, అది ఆచరణలో ఉండాలని అందులో వాదించిన ఆయన, తప్పు పట్టడం సామాన్యులతో మొదలుపెట్టలేదు. పాలకులను, బోధకులను ముందు నిలబెట్టారు.

స్పేనర్ బోధను సంస్థగా నిలిపిన ఆగస్ట్ హెర్మాన్ ఫ్రాంకె అనుభవం మరింత లోతైనది. హెబ్రీ భాషలో దిట్ట అయిన ఈ యువ పండితునికి 1687లో ల్యూనెబుర్గ్ పట్టణంలో ప్రసంగించే అవకాశం వచ్చింది. యోహాను సువార్త ఇరవయ్యవ అధ్యాయంలో విశ్వాసం వల్ల కలిగే జీవాన్ని గురించిన వచనాన్ని ఎంచుకుని సిద్ధపడుతుండగా, తాను ఇతరులకు బోధించబోయే విశ్వాసం తనలోనే లేదని, దేవుడున్నాడన్న నమ్మకం కూడా సడలిందని ఆయనకు తెలిసివచ్చింది. పాండిత్యంతో ఆ ప్రసంగాన్ని నెట్టుకురావడం ఆయనకు కష్టం కాదు, విన్నవారిలో ఎవరికీ తేడా తెలిసేది కాదు. అయినా ఆయన దానికి ఒప్పుకోక, మోకరించి ప్రార్థించి, సందేహం తొలగిన తర్వాతే ప్రసంగించారు. వేషధారణ దురుద్దేశంతోనే పుట్టనవసరం లేదని, నిత్యం పవిత్రమైన మాటలు పలికే వృత్తిలో అది తెలియకుండానే పేరుకుంటుందని ఈ ఘట్టం చూపిస్తుంది.

1692లో ఫ్రాంకె హాలె నగర శివారులోని గ్లౌఖా అనే పేదవాడకు కాపరిగా వచ్చారు. 1695లో అక్కడ పేద పిల్లల బడి తెరిచి, 1698లో అనాథాశ్రమ భవనానికి పునాది వేశారు. 1727లో ఆయన మరణించేనాటికి ఆ బడుల్లో రెండు వేలకు పైగా పిల్లలు చదువుతున్నారు. ఈ హాలె నుంచే 1706లో తమిళ తీరంలోని తరంగంబాడికి మిషనరీలు వచ్చారు. తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో తెలుగు నేర్చి బైబిలును అనువదించారు; అది అచ్చుకు నోచుకోకపోయినా, ఆయన తెలుగులో రాసిన చిన్న మతగ్రంథాలు 1746, 1747 సంవత్సరాల్లో హాలెలోనే అచ్చయ్యాయి.

అయితే అంతరంగ విశ్వాసాన్ని కోరుకున్న ఈ ఉద్యమమే కాలక్రమంలో దానిని కొలిచే ప్రయత్నంలో పడింది. పాపభయం, తీవ్రమైన దుఃఖం, ఆ తర్వాత హఠాత్తుగా కలిగే నిశ్చయం అన్న ఫ్రాంకె అనుభవ క్రమాన్నే నిజమైన మారుమనస్సుకు నమూనాగా భావించినవారు, అటువంటి అంతర్మథనం తనకు జరగలేదన్న జిన్జెన్‌డోర్ఫ్ ప్రభువును, ఆయన తమ బడిలో చదివినవాడే అయినా, శంకించారు. ప్రష్యా రాజు మొదటి ఫ్రీడ్రిఖ్ విల్‌హెల్మ్ 1729లో, లూథరన్ కాపరులు కాగోరేవారు హాలెలో రెండేళ్లు చదవాలని ఆజ్ఞాపించడంతో భక్తి ఉద్యోగానికి దారి కూడా అయింది. కన్నీరు అర్హతగా మారినచోట కన్నీరు కార్చడం నేర్చుకునేవారూ తయారవుతారు. డ్రెస్డెన్‌కు చెందిన వాలెంటిన్ ఎర్న్స్ట్ లోషర్ వంటి విమర్శకులు, పయటిస్టులు భక్తికి లేనిపోని స్థానమిచ్చి వాక్యాన్ని, సంస్కారాలను తక్కువ చేస్తున్నారని ఆక్షేపించారు. ఆ విమర్శలో పాత వ్యవస్థపై మమకారం ఉన్నా, మనిషి తన భావోద్వేగం మీదే ఆధారపడితే చివరికి తననే తాను చూసుకుంటూ కూర్చుంటాడన్న సత్యమూ ఉంది. నేటి తెలుగు సంఘాల్లో సభ ముందు చెప్పే సాక్ష్యాలు ఎందరికో ధైర్యమిస్తున్నాయి. అవి ఒకే మూసలో, ఒకే స్థాయి కన్నీళ్లతో రావాలని సభ ఎదురుచూడటం మొదలైతే, ఆ మూసకు సరిపడని నిజాయితీ గల విశ్వాసి నోరు మూసుకోవలసి వస్తుంది.

ఆచారాన్ని తీసేసి అనుభూతిని దాని స్థానంలో కూర్చోబెడితే వేషధారణ పోదు, వేషం మాత్రమే మారుతుంది. ఈ విషయంలో మత్తయి ఇరవై అయిదవ అధ్యాయం మరింత దూరం వెళుతుంది. అక్కడి తీర్పు దృశ్యంలో, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టి, చెరసాలలో ఉన్నవారిని పరామర్శించిన నీతిమంతులను రాజు మెచ్చుకున్నప్పుడు, తాము ఆయనకు అటువంటి సేవ ఎప్పుడు చేశామని వారే ఆశ్చర్యపోతారు. ఎదుటివాడి ఆకలిని చూసినవారు తమ భక్తిని చూసుకోలేదు గనుక, రాజు చెప్పేదాకా వారికి ఆ సంగతి తెలియదు.