ఎకరాలు, గుంటలు, లెక్కల మిషను



ఎరువుల కొట్టులో బల్లమీద లెక్కల మిషను ఉంటుంది. మీ జేబులోని సెల్‌ఫోనులోనూ ఒకటి ఉంటుంది. మీట నొక్కితే జవాబు వస్తుంది గదా, ఇక చెప్పుకోవలసినది ఏమున్నదని మీరు అనవచ్చు. మిషను తప్పు చేయదు, నిజమే. మనం ఇచ్చిన అంకెనే అది లెక్కిస్తుంది. ఆ ఇచ్చే దగ్గరనే చిక్కంతా ఉన్నది, ముఖ్యంగా పూర్తి ఎకరాలు కాక ముక్కలు కలిసిన భూమి విషయంలో.

తెలంగాణలో ఒక రైతుకు 2 ఎకరాల 15 గుంటల వరి మడి ఉన్నదనుకోండి. కాగితాలలో దానిని 2.15 అని రాస్తారు. రైతు అదే అంకెను మిషనులో కొడతాడు. కాని ఆ చుక్క దశాంశపు చుక్క కాదు. ఎకరాలను, గుంటలను విడదీసి చూపే చుక్క మాత్రమే. ఎకరానికి 40 గుంటలు. కాబట్టి 15 గుంటలంటే ఎకరాన్ని నలభై భాగాలు చేసి అందులో పదిహేను తీసుకున్నట్లు. 15 ÷ 40 అని నొక్కితే 0.375 వస్తుంది. ఆ మడి 2.375 ఎకరాలన్నమాట.

ఆంధ్ర ప్రాంతంలో సెంట్ల లెక్క. ఎకరానికి 100 సెంట్లు గనుక 2 ఎకరాల 15 సెంట్లను 2.15 అంటే సరిపోతుంది. అయితే అక్కడ వేరొక గొయ్యి ఉన్నది. 2 ఎకరాల 5 సెంట్లను 2.5 అని కొట్టేవారు లేకపోలేదు. అది రెండున్నర ఎకరాలు! 2.05 అని కొట్టవలెను. ఒక్క సున్న మరచినందుకు 45 సెంట్ల భూమి కాగితం మీద పుట్టుకొస్తుంది.

రూపాయికి పదహారు అణాలున్న కాలంలో మన పెద్దలు పావు, అర, ముప్పావు, వీసం అంటూ నోటితోనే ఈ లెక్కలు చేసేవారు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయి నూరు పైసలైంది. గుంట మాత్రం ఎకరంలో నలభయ్యో వంతుగానే మిగిలింది. డబ్బు లెక్క అలవాటైన వేళ్లు భూమి లెక్కలో తడబడటానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

ఇప్పుడు ఎరువు సంగతి చూద్దాం. ఎకరానికి 48 కిలోల నత్రజని వేయవలెనని మీకు సిఫారసు చేశారనుకోండి. 2 ఎకరాల 15 గుంటలకు ఎంత? చాలామంది నోటితో చెప్పిన వరుసలోనే మీటలు నొక్కుతారు: 2 + 15 ÷ 40 × 48. కొట్టులోని మామూలు మిషను ఎడమ నుంచి వచ్చినది వచ్చినట్లు చేసుకుంటూ పోయి 20.4 అంటుంది. సెల్‌ఫోను భాగహారం, గుణకారం ముందు చేసి, 2ను ఆఖరున కలిపి 20 అంటుంది. రెండూ తప్పే. రెండు ఎకరాలకే 96 కిలోలు కావాలి గదా, ఇంకా పదిహేను గుంటలు మిగిలే ఉన్నవి. ఇరవై ఎట్లా సరిపోతుంది?

ముక్కను ముందు లెక్కించి, దానికి పూర్తి ఎకరాలు కలిపి, సమానం మీట నొక్కండి: 15 ÷ 40 + 2 =. మీద 2.375 కనపడుతుంది. ఆ తరువాతనే × 48 = నొక్కండి. 114 కిలోలు. ఈ వరుసలో పోతే ఏ మిషనయినా ఒకే జవాబు చెబుతుంది.

ఈ 114 కిలోలు నత్రజని, యూరియా కాదు. నూరు కిలోల యూరియాలో 46 కిలోల నత్రజని ఉంటుంది. ఇక్కడ 46 ÷ 100 అనే భిన్నంతో భాగించవలెను. భిన్నంతో భాగించడమంటే దానిని తిరగవేసి గుణించడమే: 114 × 100 ÷ 46 =. సుమారు 248 కిలోలు వస్తుంది. పొరపాటున 114 × 46 ÷ 100 అని నొక్కితే 52 చిల్లర వస్తుంది. అది తప్పని వెంటనే పోల్చుకోవచ్చు. లోపలి నత్రజని కంటె యూరియా బరువు తక్కువ ఎట్లా అవుతుంది? వేపపూత యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలకు వచ్చింది, అంతకు ముందు 50 కిలోలుండేది. 248ని 45తో భాగిస్తే అయిదున్నర బస్తాలు. మూడు దఫాలుగా వేస్తే దఫాకు 82 కిలోల పైచిలుకు.

అదే 2.15 అని కొట్టిన రైతుకు 224 కిలోలే వస్తుంది. అర బస్తాకు పైగా తగ్గిపోయి పైరు వెలవెలపోతుంది. 2.05కు బదులు 2.5 కొట్టినవారికి దాదాపు 47 కిలోలు ఎక్కువవుతుంది. డబ్బు పోవడం ఒకటైతే, నత్రజని ఎక్కువైన వరికి అగ్గితెగులు, దోమ త్వరగా పట్టుకుంటాయి, చేను పడిపోతుంది కూడా.

భిన్నాన్ని భిన్నంతో గుణించవలసి వచ్చినప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. ముప్పావు ఎకరంలో అయిదింట రెండు వంతులు మినుము చల్లారనుకోండి. పై అంకెలు గుణకారంతో, కింది అంకెలు ప్రతి ఒక్కటీ భాగహారంతో పోవాలి: 3 × 2 ÷ 4 ÷ 5 =. 0.3 ఎకరం, అంటే 12 గుంటలు లేదా 30 సెంట్లు. చివరి 5 ముందు గుణకారం మీట నొక్కితే 7.5 అంటుంది. ముప్పావు ఎకరంలో నుంచి ఏడున్నర ఎకరాల మినుము! ఒకటి కంటె చిన్నదానితో గుణిస్తే జవాబు తగ్గవలెను. పెరిగిందంటే వేలు తప్పిందన్నమాటే.

ఎరువులో తప్పు ఒక పంటతో పోతుంది. పంపకాలలో తప్పు తరాలు నిలుస్తుంది. 7 ఎకరాల 20 గుంటల భూమిని ముగ్గురు తోబుట్టువులు సమానంగా పంచుకున్నారు. వారిలో పెద్దాయన అప్పటికే పోయినందున ఆయన మూడోవంతు భార్యకు, ముగ్గురు పిల్లలకు నాలుగు సమభాగాలుగా వచ్చిందనుకోండి. ఆ భార్యకు ఎంత? 20 ÷ 40 + 7 = నొక్కి, ÷ 3 ÷ 4 = నొక్కండి. 0.625 ఎకరం. గుంటలలోకి మార్చడానికి × 40 =. సరిగా 25 గుంటలు.

7.20 అని కొట్టినవారికి 24 గుంటలే వస్తుంది. గుంట అంటే 121 చదరపు గజాలు, ఒక చిన్న ఇంటి స్థలం. మూడోవంతును ముందే 0.33 అని కుదించుకున్నవారికి 24.75 గుంటలు వస్తుంది. పావు గుంట, ముప్పై గజాలు, గాలిలో కలిసిపోతుంది. అందుచేత వంతును చుక్కలోకి మార్చుకోకుండా 3తోనే భాగించండి. కుదింపు ఏదైనా ఉంటే ఆఖరున చేసుకోవచ్చు.

విస్తరణ సిబ్బంది ఇటువంటి లెక్క చేసి ఇచ్చినప్పుడు రైతు ఎదుటనే దానిని వెనక్కి కూడా నడిపి చూపండి. 25 గుంటలను 4తో, మళ్లీ 3తో గుణిస్తే 300 గుంటలు రావాలి. ఏడు ఎకరాలకు 280, పైన 20, కలిపితే ఆ మూడు వందలే.