గొడ్డలి పట్టిన రాకుమారుడు

"బాబును హాస్టల్లో వేశాం. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే ఏడుపు. అలవాటు పడతాడు లెండి!"

ఈ మాట మనలో చాలామంది అనే ఉంటాం. నిజమే, ఎక్కువమంది అలవాటు పడతారు. పడలేని పిల్లల సంగతో? అలాంటి ఒక పిల్లాడి కథ ఇది. వాళ్లమ్మ సాక్షాత్తూ ఇంగ్లండు రాణి!

2022లో బ్రిటన్‌కు రాజయిన చార్లెస్‌ని 1962లో, పదమూడేళ్ల వయసులో, స్కాట్లండ్‌లోని గోర్డన్‌స్టన్ బోర్డింగు స్కూల్లో చేర్చారు. తండ్రి ఫిలిప్ చదివిన బడే అది. తనకు మంచి చేసిన బడి కొడుక్కీ చేస్తుందని ఆయన నమ్మకం. కానీ తండ్రి దూకుడు మనిషి, కొడుకు బిడియస్తుడు.

పొద్దున్నే పరుగు, చన్నీళ్ల స్నానం... వీటి సంగతెలా ఉన్నా, తోటి పిల్లల వేధింపులు అతన్ని కుంగదీశాయి. గురక పెడుతున్నానని రాత్రిళ్లు తల మీద కొడుతున్నారనీ, నిద్రే ఉండటం లేదనీ ఇంటికి ఉత్తరాలు రాశాడు. స్నేహం చేద్దామనుకున్నవాళ్లు కూడా 'రాణిగారి కొడుకును కాకా పడుతున్నాడు' అంటారేమోనని దూరంగా ఉండిపోయారు. అంత రాణిగారి కొడుక్కీ ఒంటరితనం తప్పలేదు!

ఒక్క టర్మే అనుకున్నారు

1966లో, పదిహేడేళ్లప్పుడు, అతన్ని ఆస్ట్రేలియా పంపారు. జీలాంగ్ గ్రామర్ స్కూలుకు విక్టోరియా రాష్ట్రంలో, మాన్స్‌ఫీల్డ్ దగ్గర కొండల్లో టింబర్‌టాప్ అనే శాఖ ఉంది. 1953లో మొదలుపెట్టారు. అక్కడి పద్ధతే వేరు. వేణ్ణీళ్లు కావాలంటే ఎవరి కట్టెలు వాళ్లే కొట్టుకోవాలి. సెలవురోజుల్లో వీపున మూట కట్టుకుని కొండలెక్కాలి.

రాకుమారుడూ గొడ్డలి పట్టాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. పందులకు మేత వేశాడు. మిగతా పిల్లలు తనకన్నా చిన్నవాళ్లు కావడంతో, తన పరీక్షలకు చదువుకుంటూనే వాళ్ల బాగోగులూ చూశాడు. ఓసారి వానలో గొడుగు వేసుకు వస్తుంటే 'ఇంగ్లీషోడు చూడరా' అని వెక్కిరించారట! అయినా అక్కడ ఆ ఎగతాళి అంతటితో సరి. రాత్రి నిద్ర చెడగొట్టేంత దూరం పోలేదు.

మొదట ఒక్క టర్మ్ కోసమే పంపి, ఉండాలో రావాలో అతని ఇష్టానికే వదిలేశారు. అతను ఉండిపోయాడు, రెండు టర్ములు! మధ్యలో తోటి విద్యార్థులతో పాపువా న్యూగినీ కూడా చూసొచ్చాడు. తన బడి చదువులో అన్నిటికన్నా హాయిగా గడిచిన కాలం అదేనని తర్వాత చెప్పుకున్నాడు. తిరిగి గోర్డన్‌స్టన్ వెళ్లాక, 1967లో ఆ బడికే విద్యార్థి నాయకుడయ్యాడు.

టింబర్‌టాప్‌లో ఇప్పుడు ఆడపిల్లలు కూడా తొమ్మిదో తరగతి ఏడాదంతా ఉండి కట్టెలు కొడుతున్నారు. సెల్‌ఫోన్లు లేవు, ఇంటికి ఉత్తరాలే!

మనం అడగాల్సింది

చూశారా, కష్టం రెండుచోట్లా ఉంది. చన్నీళ్లూ, బొబ్బలూ ఆ పిల్లాణ్ణి విరగగొట్టలేదు. తోటివాళ్ల చిన్నచూపు విరగగొట్టింది. అంచేత మన పిల్లలు ఫోన్లో ఏడిస్తే 'అలవాటు పడతావులే' అనేముందు ఒక్క ప్రశ్న వేద్దాం. "కూర బాగాలేదా కన్నా, లేక ఎవరైనా ఏమైనా అంటున్నారా?" మొదటిదైతే ఓర్చుకోమందాం. రెండోదైతే మాత్రం వెంటనే వెళ్లి చూడాల్సిందే. రాణిగారి కొడుక్కి మకాం మార్చడానికి నాలుగేళ్లు పట్టింది. మనకు బస్సెక్కితే ఒక్క పూట!