ఒకటి గట్టిగా.. ఆ తర్వాతే రెండోది!
మదనపల్లెలో పుట్టిన యామినీ కృష్ణమూర్తి కెరీర్ నుంచి మనం నేర్చుకోవాల్సింది

కుప్పం స్టేషన్‌లో బెంగళూరు రైలు కోసం, మదనపల్లె, పుంగనూరు బస్టాండ్లలో బెంగళూరు బస్సు కోసం నిలబడిన ఫైనలియర్ వాళ్లను ‘ఏమేం వచ్చు?’ అని అడగండి. జావా, పైథాన్, క్లౌడ్, డేటా అనలిటిక్స్, కాస్త డిజిటల్ మార్కెటింగ్.. గడగడా చెప్పేస్తారు. ‘ఇందులో ఏది బాగా వచ్చు?’ అంటే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు. రెజ్యూమేలో స్కిల్స్ జాబితా బారెడు, ఇంటర్వ్యూలో సమాధానం జానెడు!

మీ పరిస్థితీ ఇదే అయితే, మన ప్రాంతంలోనే పుట్టిన ఒకావిడ కెరీర్‌ను ఒకసారి చూడండి. ఆమె ఇంజినీర్ కాదు, డాన్సర్. పేరు యామినీ కృష్ణమూర్తి. 1940 డిసెంబర్ 20న మదనపల్లెలో పుట్టారు. భరతనాట్యం, కూచిపూడి రెండింటిలోనూ దేశంలోని అగ్రశ్రేణి కళాకారుల్లో ఒకరయ్యారు. 2016లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 2024 ఆగస్టు 3న ఢిల్లీలో కన్నుమూశారు.

‘డాన్స్‌కీ నా ప్లేస్‌మెంట్‌కీ ఏంటి సంబంధం?’ అంటారా? ఆమె ఏం నేర్చుకున్నారన్నది పక్కన పెట్టండి. ఏ వరుసలో నేర్చుకున్నారో చూడండి. మనకు కావాల్సింది అదే.

పునాది పక్కాగా..

యామిని పెరిగింది తమిళనాడులోని చిదంబరంలో. అక్కడి నటరాజ ఆలయ గోపురాల మీద నాట్యశాస్త్రం చెప్పిన 108 కరణాలు శిల్పాలుగా ఉంటాయి. నాన్న ఎం.కృష్ణమూర్తి సంస్కృత పండితుడు. కూతురి ఆసక్తి చూసి మద్రాసు కళాక్షేత్రలో చేర్పించారు. మదనపల్లెలో 1915లో బీసెంట్ కాలేజీ మొదలుపెట్టిన దివ్యజ్ఞాన సమాజం మీకు తెలిసే ఉంటుంది. అదే సమాజంలో ఎదిగిన రుక్మిణీదేవి అరండేల్ 1936లో స్థాపించిన సంస్థే కళాక్షేత్ర.

యామిని అడుగులు, ముద్రలు నేర్చుకుని ఊరుకోలేదు. ఎం.డి.రామనాథన్ దగ్గర గాత్రం, కల్పకం స్వామినాథన్ దగ్గర వీణ కూడా నేర్చుకున్నారు. పాట లోపలేం జరుగుతోందో తెలియని నర్తకి గాయకుల వెనకాలే పరిగెత్తాల్సి వస్తుంది. డేటా స్ట్రక్చర్లు రాకుండా ఫ్రేమ్‌వర్క్ మాత్రమే నేర్చుకున్నవాళ్లు ఎర్రర్ రాగానే బిక్కమొహం వేసేది అందుకే.

పేరున్న సంస్థలో చదివాం కదా అని కూడా ఆమె ఆగలేదు. కాంచీపురం ఎల్లప్ప పిళ్లై, తంజావూరు కిట్టప్ప పిళ్లై లాంటి సంప్రదాయ గురువుల దగ్గరకు వెళ్లి భరతనాట్యాన్నే మళ్లీ నేర్చుకున్నారు. తెలిసిన విద్యనే ఇంకో గురువు చేత దిద్దించుకోవడం అన్నమాట. వేగం, మెరుపులాంటి కదలిక ఆమె ముద్ర అయ్యాయి. 1957లో మద్రాసులో తొలి ప్రదర్శన ఇచ్చేనాటికి ఆమెకు ఇంకా ఇరవై ఏళ్లు కూడా లేవు.

రెండోది.. డిమాండ్ లేనప్పుడే

భరతనాట్యంలో కాళ్లు నిలదొక్కుకున్న యామిని కూచిపూడి వైపు చూశారు. అప్పటి సంగతి గుర్తుపెట్టుకోండి. కూచిపూడి తరతరాలుగా మగవాళ్లే ఆడిన కళ. భామాకలాపంలో సత్యభామ కూడా మగవాళ్లే. వేదాంతం సత్యనారాయణశర్మ ఆ వేషంతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆడవాళ్లు ఒంటరిగా వేదికెక్కి కూచిపూడి ఆడటం అప్పటికింకా కొత్త. పెద్ద నగరాల సభల్లో భరతనాట్యానికి ఉన్న స్థానం దీనికి లేదు.

అలాంటి సమయంలో ఆమె పసుమర్తి వేణుగోపాలకృష్ణశర్మ వంటి గురువుల దగ్గర మళ్లీ విద్యార్థి అయ్యారు. ఏకపాత్ర కూచిపూడిని ఢిల్లీ వేదికల మీదకూ, విదేశాలకూ తీసుకెళ్లిన తొలితరం నర్తకుల్లో ఇంద్రాణీ రెహమాన్‌తో పాటు యామిని పేరు తప్పకుండా చెబుతారు. తర్వాత పంకజ్ చరణ్ దాస్, కేలుచరణ్ మహాపాత్రల దగ్గర ఒడిస్సీ కూడా అభ్యసించారు.

ఇందులో మీకు మూడు విషయాలు కనబడాలి. ఒకటి, రెండో విద్యకు మొదటి విద్య ఆసరా అయ్యింది. తాళం, సంగీతం, అభినయం అప్పటికే చేతిలో ఉన్నాయి. రెండు, అది అప్పటికి అందరి దగ్గరా ఉన్న నైపుణ్యం కాదు. మూడు, తెలుగు ఆమె ఇంటి భాష. నర్తకి నోరు తెరిచి మాటలు కూడా చెప్పే కూచిపూడిలో అది పెద్ద బలం.

ఈ మూడు ప్రశ్నలూ మీకు వేసుకోండి. ఉదాహరణకు కుప్పం కుర్రాళ్లనే తీసుకుందాం. మూడు రాష్ట్రాల సరిహద్దు కాబట్టి తెలుగు, తమిళం, కన్నడం వీధిలో ఆడుకుంటూనే వచ్చేస్తాయి. 1997లో ద్రవిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ పెట్టడానికీ ఈ సరిహద్దే కారణం. అయినా మన రెజ్యూమేలో భాషలు చివరి లైన్‌లో మూలుగుతుంటాయి. పైథాన్ గట్టిగా వచ్చిన అభ్యర్థికి ఈ మూడు భాషలు చదవడం, రాయడం కూడా వస్తే వాయిస్ అసిస్టెంట్లు, అనువాద టూల్స్, భాషా ఏఐ పనుల్లో చెప్పుకోవడానికి గట్టి పాయింట్ దొరికినట్టే. పైథాన్ అరకొరగా వస్తే మాత్రం భాషలు ఒక్కటే గట్టెక్కించవు.

గుర్తింపు మధ్య ఖాళీలు

యామినికి 1968లో పద్మశ్రీ వచ్చింది. 1977లో సంగీత నాటక అకాడమీ అవార్డు. పద్మభూషణ్ 2001లో. అంటే మొదటి పద్మానికీ రెండో పద్మానికీ మధ్య 33 ఏళ్లు! ఆ కాలమంతా ఆమె ప్రదర్శనలు ఆపలేదు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన నర్తకిగా గౌరవం అందుకున్నారు. ఢిల్లీ హౌజ్ ఖాస్‌లోని తన నాట్య పాఠశాలలో పిల్లలకు నేర్పారు. మూడు నెలలు ఆఫర్ రాకపోతే కోర్సు మార్చేసే ముందు ఈ అంకెలు ఒకసారి చూసుకోండి.

ఒక మాట నిజాయతీగా చెప్పుకోవాలి. ఆమె వెనక ఇల్లంతా నిలబడింది. నాన్న ప్రోత్సాహం ఉంది, చెల్లెలు జ్యోతిష్మతి ఆమె నాట్యానికి పాడేవారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివి, మొదటి జీతం కోసం ఇంట్లో అందరూ ఎదురుచూసే మనకు అంత వెసులుబాటు ఉండకపోవచ్చు. అందుకే వచ్చిన ఉద్యోగం వదులుకోవద్దు. సపోర్ట్ జాబ్ అయినా చేరండి. కానీ రోజుకో గంట మీ మొదటి నైపుణ్యానికే కేటాయించండి.

డాన్సే మీ దారైతే..

ఇంజినీరింగ్ చదువుతూనే గజ్జె కట్టేవాళ్లూ మీలో ఉంటారు. తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ సంగీత, నృత్య కళాశాల మనకు దగ్గర. కళాక్షేత్రలో భరతనాట్యం డిప్లొమా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నృత్యంలో పీజీ ఉన్నాయి. పీజీ తర్వాత లెక్చరర్ కావాలంటే యూజీసీ నెట్‌లో ప్రదర్శన కళల సబ్జెక్టు ఉంది. 18-25 ఏళ్ల యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ స్కాలర్‌షిప్ ఇస్తుంది. అర్హతలు, తేదీల కోసం తాజా నోటిఫికేషన్ చూసుకోండి.

మిగతావాళ్లకు ఈ రాత్రికి చిన్న పని. రెజ్యూమే తెరవండి. ఏ స్కిల్ గురించి పది నిమిషాలు ఆగకుండా మాట్లాడలేరో దాన్ని కొట్టేయండి. చివరికి ఒక్కటే మిగిలిందా? కంగారు పడకండి. రేపటి నుంచి దాని మీదే కూర్చోండి.