పాటలో పేరు లేనివాళ్లు

సినిమా పాట విని ‘గొంతు బాగుంది’, ‘ట్యూన్ అదిరింది’ అని ఊరుకోని శ్రోతలు కొందరుంటారు. రెండో చరణానికి ముందు వచ్చే వయొలిన్ల వరస మొదటిదానిలా ఎందుకు లేదు, పల్లవి కింద నడిచే బేస్ గిటార్ ఎవరిది, ఫ్లూటును మిక్సింగ్‌లో ఒక చెవి వైపే ఎందుకు జరిపారు అని గంటల కొద్దీ వాదించుకుంటారు. చూసేవాళ్లకు ఇదంతా పనిలేని పనిలా అనిపించవచ్చు. నిజానికి సినిమా పరిశ్రమ రాయకుండా వదిలేసిన సొంత చరిత్రను అంతో ఇంతో రాస్తున్నది వీళ్లే.

ఒకప్పుడు మద్రాసు స్టూడియోల్లో గాయకులు, వాద్యబృందం ఒకేసారి పాడి, వాయించి రికార్డు చేసేవారు. ఎవరి వేలు జారినా పాట మళ్లీ మొదటికే. గట్టిగా మోగే వాద్యాన్ని మైకుకు దూరంగా, మెత్తగా పలికేదాన్ని దగ్గరగా కూర్చోబెట్టి సౌండ్ ఇంజనీరు ధ్వనిని తూచేవాడు. ఇంతమంది చెమటోడ్చిన పాటకు వాద్యాల వైపు నుంచి తెరమీద పడేది సంగీత దర్శకుడి పేరు, మహా అయితే సహాయకుడి పేరు. కె.వి.మహదేవన్ పక్కన పుహళేంది పేరు వేశారు కాబట్టి, మహదేవన్ బాణీల వెనక పుహళేంది కష్టం ఎంతుందో మనకు తెలిసింది. ‘శంకరాభరణం’లో వయొలిన్లు పట్టినవాళ్ల పేర్లు చెప్పమంటే మాత్రం ఆ పాటలన్నీ కంఠతా వచ్చినవాళ్లు కూడా నోరు వెళ్లబెడతారు. తెలుగు పాటకు ప్రాణం సాహిత్యం, వాద్యాల లెక్కలు మనకెందుకు అనేవాళ్లున్నారు. రాసిన పాటకు బాణీ కట్టడంలో అందెవేసిన చెయ్యి మహదేవన్‌ది. ఆయనకే అంత వాద్యబృందం, దాన్ని నడిపే సహాయకుడు అవసరమయ్యాక ఆ మాట ఎంతవరకు నిలబడుతుంది?

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఇళయరాజా ప్రతి వాద్యానికీ ఏ స్వరం ఎక్కడ పలకాలో కాగితం మీద తనే రాసిస్తారు. అలాంటప్పుడు వాయించినవాణ్ణి పొగడటం రాసినవాడి కీర్తికి గండి కొట్టడమే కదా? ఇందులో సగం నిజముంది. బేస్ గిటార్ నడక బాగుందని వాద్యకారుణ్ణే స్వరకర్తను చేసేసే అభిమానులు లేకపోలేదు. అయితే కమాను ఎంత బరువుతో తీగ మీద ఆనాలో, తీగను మీటిన వేలు ఎంతసేపు నిలవాలో ఏ నొటేషన్ పూర్తిగా చెప్పదు. పైగా అందరి పద్ధతీ అది కాదు. రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన ఎ.ఆర్.రెహమాన్, 1992లో ‘రోజా’తో సంగీత దర్శకుడయ్యాక, వాద్యకారులను తోచినట్టు వాయించనిచ్చి అందులోంచి తనకు కావలసింది ఏరుకునే దారి పట్టారు. ఫ్లూట్ నవీన్, బేస్ కీత్ పీటర్స్ అంటూ క్యాసెట్ కవర్ల మీద పేర్లు అచ్చు వేయించారు. రెహమాన్ పాటలకు పనిచేసి, ‘లగాన్’కు జాతీయ అవార్డు అందుకున్న సౌండ్ ఇంజనీర్ హెచ్.శ్రీధర్, 2008లో కన్నుమూసినా, ఇప్పటికీ అభిమానుల నోళ్లలో నానుతున్నారంటే అందులో ఆ కవర్ల పాత్ర తక్కువేమీ కాదు. ‘బొంబాయి’ థీమ్ వింటూ అది నవీన్ ఊపిరి అని గుర్తుపట్టే శ్రోత రెహమాన్‌ను ఏమీ తక్కువ చేయడం లేదు.

ఇలా విప్పి చూస్తే రసం చచ్చిపోతుందనేది పాత మాటే. కర్ణాటక సంగీత కచేరీకి వెళ్లే రసికుడు మృదంగం తని ఆవర్తనానికి చేత్తో తాళం వేస్తూ లెక్క చూసుకుంటాడు. రాగం రుచి అతనికేమీ తగ్గదు. అక్కడ ఆహ్వాన పత్రికలో గాయకుడి పేరు కిందే వయొలిన్, మృదంగం, ఘటం వాయించేవాళ్ల పేర్లు ఉంటాయి. సభల వాళ్లకు ఎప్పుడో అబ్బిన ఈ మర్యాద కోట్ల వ్యాపారం చేసే సినిమా పాటకు అబ్బలేదు.

మర్యాదతో పోయేదైతే ఇంత చెప్పనక్కర్లేదు, ఇందులో డబ్బు కూడా ఉంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం, ప్రదర్శనను వాణిజ్యానికి వాడుకుంటే ప్రదర్శకులకు రాయల్టీ దక్కాలంది. ఆ చేత్తోనే ఒక మెలికా పెట్టింది. సినిమాలో ఒకరి ప్రదర్శన ఏదో ప్రాసంగికమైనదై, అంటే పైపైన వచ్చిపోయేదై, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో సహా ఎక్కడా పేరు పడకపోతే, ఒక నైతిక హక్కు విషయంలో తప్ప, అతన్ని ప్రదర్శకుడిగా లెక్కించరు. పాటంతా మోసిన బేస్ గిటార్ ప్రాసంగికం ఎలా అవుతుందని వాదించవచ్చు. కానీ పేరే వేయని చోట ఆ వాదన ఎవరు వింటారు? అభిమానులు చెప్పే పేర్లలో తప్పులు దొర్లుతాయి, పుకార్లూ కలుస్తాయి. అసలు లెక్క దాచుకున్నవాళ్లకు ఆ తప్పులు ఎత్తిచూపే హక్కు లేదు.

ఈమధ్య కొన్ని ఆడియో సంస్థలు లిరికల్ వీడియోల కింద గిటార్ నుంచి మాస్టరింగ్ దాకా పనిచేసినవాళ్ల పేర్లు ఇస్తున్నాయి. పాత పాటలకూ ఆ పని జరగాలి. ఆనాటి వాద్యకారుల్లో చాలామంది వయసు మీదపడినవాళ్లు. వాళ్లుండగానే అడిగి రాసుకోండి.